కాలికి దారం లేదు

మా బామ్మర్ది తీసిన అడవి బాతు ఫొటో గురించి ఇక్కడి ఫొటోగ్రాఫర్లలో ఒక మాట తిరుగుతోంది. బాతును వలేసి పట్టి, కాలికి దారం కట్టి, నీళ్లలో వదిలి తీశాడని. ఆ మాట పుట్టించింది నేను. అది అబద్ధం.

వాడికి కెమెరా పట్టడం నేర్పిందీ నేనే. నా వెంట పెళ్లిళ్లకు వచ్చి లైటు పట్టుకునేవాడు. నేను పొడుగు లెన్సు కొనుక్కున్నాక పాత కెమెరా వాడికిచ్చాను. దానితో పక్షుల ఫొటోలేం వస్తాయని నా ధీమా.

మడికొండ అవతల ఒక చెరువుకు చలికాలంలో బాతులు వస్తాయి. కట్ట మీద మనిషి కదిలితే చాలు, లేచిపోతాయి. తుమ్మచెట్టు చాటున స్టాండు వేసుకుని ఎంతసేపు కూర్చున్నా నాకు దూరాన గోధుమరంగు మచ్చలే దక్కేవి. ఒక పొద్దున వాడు, ఊరివాళ్ల బర్రెలు నీళ్లలోకి దిగుతుంటే వాటితో పాటే దిగాడు. తల మీద నల్ల గుడ్డ, గడ్డం దాకా నీళ్లు, చేతిలో కవరు చుట్టిన కెమెరా.

"నువ్వు గూడ రా బావా. బర్రెల నడుమ ఉంటె మనల్ని గూడ బర్రెలే అనుకుంటయి."

"నిన్నయితె ఎక్కడున్నా అట్లనే అనుకుంటయి తియ్," అన్నాను.

వాడు నవ్వుకుంటూ ముందుకు జరిగాడు. కాసేపటికి ఒక బాతు దానంతటదే ఈదుకుంటూ వాడి ముఖం ముందుకొచ్చింది. ఒక బర్రె తల విదిలించగానే వాడి నెత్తి మీదుగా లేచిపోయింది. అంతా నా లెన్సులో చూశాను. బటన్ నొక్కుతూనే ఉన్నాను, కడుపు మండుతూనే ఉంది.

మేమంతా కలిసి పెట్టుకున్న ప్రదర్శనలో జనం వాడి బాతు ముందే గుమిగూడారు. ముక్కు మీద నీటిబొట్టు కూడా కనిపిస్తోంది మరి. నా ఫొటో ముందు ఒకాయన చాలాసేపు నిలబడ్డాడు, ఫోన్ మాట్లాడుకోవడానికి.

చాయ్ దగ్గర ఎవరో అడిగారు, "మీ బామ్మర్ది అంత దగ్గరికి ఎట్ల పోయిండే?"

"కాలికి దారం కడితె అది మాత్రం ఎటు పోతది?" అన్నాను, నవ్వులాటకన్నట్టు.

ఫొటోలో బాతు కాళ్లు నీళ్ల కింద ఉన్నాయి. కాదని చూపడానికి వాడి దగ్గర ఏమీ లేదు. సాయంత్రానికల్లా ఆ మాట అందరికీ పాకింది, వాడి ఫొటోను గోడ మీంచి తీసేశారు.

"బావా, నువ్వు కట్ట మీదనే ఉంటివి గదా. జర చెప్పు వీళ్లకు," అన్నాడు వాడు, అందరి ముందు.

"నేను సరిగ్గ చూడలే," అన్నాను.

మర్నాడు పాత కెమెరా తెచ్చి మా ఇంట్లో పెట్టిపోయాడు. నిజం చెప్పాలంటే, ఆ రోజు నాకు హాయిగా అనిపించింది.

ఈ చలికాలం బాతులు మళ్లీ వచ్చాయి. చెరువులో వాడు లేడు, నాకు పోటీ లేదు. అయినా ఒక్క మంచి ఫొటో పడలేదు. నేను తీసిన మంచి ఫొటో ఒక్కటే, ఆనాటిది. గుడ్డ కప్పుకున్న తల, చుట్టూ కొమ్ములు, పైన రెక్కలు చాచిన బాతు, వేలాడే రెండు కాళ్లు. దారం లేదు. అందులోనూ వాడే ఉన్నాడని ఇన్నాళ్లూ దాచాను.

ఆ ఫొటో అందరికీ పంపి ఇదంతా రాసే ముందు, తీసుకెళ్లి వాడికి చూపించాను.

"మస్తు తీసినవ్ బావా," అన్నాడు ముందు. తర్వాత తలెత్తాడు. "ఇన్నొద్దులు నీ దగ్గర్నే ఉన్నదా ఇది?"

తలూపాను. కెమెరా తిరిగిచ్చాను. రేపు నీతో పాటు నేనూ నీళ్లలోకి దిగుతానన్నాను.

"వద్దు బావా," అన్నాడు. "నువ్వు కట్ట మీదనే కూసో."