తెగిన గొలుసులో సగం

దిగబడ్డ బండ్లను లాగడం మా పని. మా బాపు పోయాక నిజామాబాద్‌లో ఆ క్రేన్ బండిని నేనే నడుపుతున్నాను. బాపుతో మొదటి నుంచీ పనిచేసిన మెకానిక్ చాచా ఇప్పుడు నాతో వస్తాడు. ఆడమనిషి స్టీరింగ్ వదిలి కిందికి దిగడం చూసి కొత్తవాళ్లు నవ్వుకుంటారు. గొలుసులు దించడం మొదలుపెట్టాక ఊరుకుంటారు.

చెరకు కోతల కాలంలో ఓ పొద్దున నవీపేట్ వైపు నుంచి ఫోన్ వచ్చింది. నిండుగా చెరకు నింపిన ట్రాలీ చేను గట్టు దగ్గర ఇరుసు దాకా దిగబడిందట. వెళ్లేసరికి గోదావరి మీది పొగమంచు ఇంకా విడవలేదు. రెండు వైపులా నిలువెత్తు చెరకు. గాలి లేదు, ఆకు కదలడం లేదు. ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించేది గానీ ఎటు నుంచో తెలిసేది కాదు.

ముందు రోజు నీళ్లు పారిన నల్లరేగడి అది. మా బండి రోడ్డు దిగితే అదీ కూరుకుపోతుంది. రోడ్డు మీది నుంచి లాగుదామంటే మా గొలుసు అందలేదు.

"నా దగ్గర ఉన్నది బిడ్డా," అంటూ చెరకు రైతు ఇంటికి పోయి గొలుసు భుజాన వేసుకొచ్చాడు. తల పూర్తిగా నెరిసిన మనిషి. గొలుసు నా మణికట్టంత లావుంది. చూడగానే ఎవరికైనా ధైర్యం వచ్చేలా ఉంది. నేను కింద పరిచి చూశాను. మంచి గొలుసు లింకుల మీద దాని బలం తెలిపే అంకె అచ్చు గుద్ది ఉంటుంది. దీనికి ఎక్కడా లేదు. కొన్ని లింకులు సాగి సన్నబడ్డాయి. నడుమ ఒకచోట లింకుకు బదులు బోల్టు బిగించి ఉంది.

"కాకా, గీ బోల్టేంది?"

"గాడ తెగింది. నాలుగేండ్లాయె. తెగి ఎగిరొచ్చి మా అన్న ఛాతీల తాకింది. గాడ్నే పాణం పోయింది."

నా చేయి గొలుసు మీదే ఉండిపోయింది. "గసొంటి గొలుసు మల్ల ఎందుకు తెచ్చినవ్?"

"ఇగ గది ఏం చెయ్యది బిడ్డా. తీసుకునేది తీసుకున్నది."

ఆ మాట కోపంగా అనలేదు, ఏడుస్తూ అనలేదు. ఎరువు ధర చెప్పినట్టు చెప్పాడు. చాచా నన్ను పక్కకు పిలిచాడు. "బేటీ, గా గొలుసు మన బండికి తగిలియ్యకు. నేను నవీపేట్ పోయి పొడుగు గొలుసు తెస్త," అని ఎవరిదో బైకు వెనక ఎక్కి వెళ్లాడు. అక్కడ మాకు తెలిసిన వర్క్‌షాపు ఉంది.

రైతు కాసేపు ఆగాడు. కోసిన చెరకు ఎండిపోతుందని గొణుక్కుంటూ చేలోకి వెళ్లాడు. నేను మా బండి చక్రాలకు రాళ్లు పెడుతుంటే ట్రాక్టర్ చప్పుడు వినిపించింది. తలెత్తి చూస్తే పక్క చేను రైతు ట్రాక్టర్ ఎక్కి ఉన్నాడు. అవతల గట్టి నేల మీద ట్రాక్టర్, ఇవతల ట్రాలీ, మధ్యలో ఆ గొలుసు. దాని మీద తడి గోనెసంచి కూడా వేయలేదు. తెగితే ఆ బరువే గొలుసును కొంతైనా కిందికి అణుస్తుంది. ముసలాయన గొలుసు పక్కనే నిలబడి, దాని మీద ఒక చేయి ఆనించి, రెండో చేత్తో కానియ్యమని సైగ చేస్తున్నాడు.

బండ్లు లాగే నైలాన్ పట్టీ అయితే సాగుతుంది. గొలుసు సాగదు, కుదుపు పడనీయకుండా మెల్లగా బిగించాలి. ట్రాక్టర్ ఒక్కసారిగా ముందుకు దూకింది. గొలుసు నేల మీది నుంచి లేచి కిర్రుమంది. ఆ చప్పుడు ఇనుము చప్పుడులా లేదు, మనిషి గొంతు సవరించుకున్నట్టుంది.

"కాకా, జరుగు! దూరం జరుగు!" అని అరుస్తూ పరిగెత్తాను. కాళ్లు బురదలో దిగిపోతున్నాయి.

ఆయన నా వైపు చూడలేదు. చేయి తీసేసి, వెనక్కి తిరిగి, చెరకులోకి నడిచాడు. పిలిస్తే పలికి పోతున్నట్టు తాపీగా నడిచాడు. అప్పుడే గొలుసు తెగింది. ఆయన నిలబడ్డ చోటు మీదుగా పోయింది. చెరకు మొవ్వులు వరసగా తెగి పడ్డాయి. ట్రాక్టర్ ఆగిపోయింది.

ఆయన చెరకులోంచి బయటికొచ్చి మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నన్ను ఎవరు పిలిచిండ్రు?"

"నేనే కాకా, జరుగుమన్న."

"నువ్వు గాదు బిడ్డా. ఎనకకెల్లి. చిన్నోడా అని పిలిచిండ్రు."

ట్రాక్టర్ మీదాయన తనకేమీ వినిపించలేదన్నాడు. ఆయన్ని చిన్నోడా అని పిలిచేంత పెద్దవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

తెగింది బోల్టు కాదు, దాని పక్క లింకు. ట్రాక్టర్ వైపు సగం గొలుసు హుక్కుకే వేలాడుతోంది. బోల్టున్న రెండో సగం ట్రాలీ కొక్కేన్ని కూడా పెరుక్కుని ఎగిరిపోయింది. మొవ్వులు తెగిన దారి పట్టుకుని ముగ్గురం లోపలికి వెళ్లాం. కొంత దూరం పోయాక ఆ దారి ఆగిపోయింది. దాని ముందు చెరకు చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. కింద గుంత లేదు, గీత లేదు. చేతులతో మట్టి తడిమాం. గొలుసు లేదు.

చాచా పొడుగు గొలుసు తెచ్చాక సగం చెరకు దింపించి, ఇరుసుకు తగిలించి, గోనెసంచులు తడిపి మీద వేసి, అందరినీ రోడ్డు దాకా పంపి లాగాను. ట్రాలీ మెల్లగా వచ్చేసింది.

కోత పూర్తయ్యాక ముసలాయన ఫోన్ చేశాడు. "చేను మొత్తం ఖాళీ అయింది బిడ్డా. దొరకలే."

తర్వాత ఓ రోజు నిజామాబాద్ వచ్చాడు, కొత్త గొలుసు కొనిపెట్టమని. ఇనుప సామాన్ల దుకాణానికి తీసుకెళ్లాను. ట్రాలీ నింపితే ఎంత బరువో అడిగి, బురద పట్టు కూడా కలుపుకుని, అంతకు మించి తట్టుకునేది ఎంచాను. హుక్కు కూడా అంతే బలమున్నది చూశాను. ఆయన లింకుల మీది అంకెను బొటనవేలితో తడుముతూ కూర్చున్నాడు. చివరికి దుకాణదారును ఒక్కటే అడిగాడు.

"ఇది ఇంతకు ముందు ఎవ్వల దగ్గరన్న ఉండెనా?"

"కొత్తది సాబ్, డబ్బాలకెల్లి ఇప్పుడే తీసిన," అని అతను నవ్వాడు.

ఆయన నవ్వలేదు. ఇంకోసారి అడిగి, మళ్లీ అదే జవాబు విన్నాకే గొలుసు చేతికి తీసుకున్నాడు.