బోర్డు అవతల సూది

కర్ణాటక సరిహద్దులో ఉండే బాగేపల్లిలో ఎర్రలైటు పడితే, ముందరా ఎనకా బండి లేకపోయినా స్కూటీ నిలిపేది వినుత ఒక్కతే. రూలంటే రూలు. ఆ యమ్మి తత్వమే అంత, ఏం చేస్తాం!

అనంతపురంలో నర్సింగు చదివి, ఆంధ్రాలో రిజిస్ట్రేషన్ చేయించుకోని ఇంటికొచ్చింది. చింతామణిలో ఒక ఆస్పత్రోళ్ళు, "కర్ణాటక రిజిస్ట్రేషన్ తెచ్చుకో, ఉద్యోగం నీకే" అన్నారు. దానికి ఆంధ్రా నర్సింగు కౌన్సిలు అభ్యంతరం లేదని ఎన్ఓసీ ఇయ్యల్ల, బెంగళూరోళ్ళు సరిచూసుకోవల్ల. అన్నీ పంపించి ఎదురు చూస్తాండాది. ఈలోగా కర్ణాటక గడ్డ మీద సూది పట్టుకుంటే ఎవడో ఒకడు కంప్లైంట్ ఇస్తాడనీ, నోటికాడి కూడు నేలపాలైతాదనీ ఒకటే దడ.

సరిగ్గా అప్పుడే వాళ్ళవ్వ చిక్కమ్మకి కాళ్ళు తిమ్మిర్లు పట్టె. డాక్టరు వారానికొక సూది రాసిచ్చినాడు. చిక్కమ్మంటే ఎవరనుకున్నారు? సంతలో చింతపండు అమ్మి, ఇంట్లో కోడండ్లని గడగడలాడించిన మనిషి.

"ముక్కూ మొగం తెలీని నర్సుకి నేను చెయ్యి చాపను. మనవరాల్ని చదివించింది యాలకి?" అని భీష్మించుకోని కూర్చునింది.

"నాకు ఈడ చెల్లదవ్వా. ఆంధ్రాలోనే చెల్లుతాది."

"అంతేనా! అయితే ఆంధ్రాకే పోదాం పా. అదేమన్నా కాశీనా?"

అట్లా మొదలాయ ఆ సంబడం. సూది వారం వస్తే గంగప్ప ఆటో ఎక్కేది. గంగప్పకి కర్ణాటక పర్మిట్టే గాబట్టి, హైవేలో సరిహద్దు బోర్డుకి ఇవతలే నిలిపేస్తాడు. అవ్వా మనవరాలూ నడిచి బోర్డు దాటి, మునియప్ప టీ అంగడి ఎనకాల బెంచీ మీద సూది పని కానిచ్చి, వడ తిని వచ్చేది. చూస్తాండంగానే వీధిలో ముసలోళ్ళంతా ఆటోలో ఇరుక్కునేకి మొదలుపెట్టిరి. డాక్టరు చీటీ లేనోళ్ళని వినుత మొగమాటం లేకుండా దింపేసింది.

ఒకనాడు అవ్వకి సూది వేసి దూది అద్దుతాంటే, అవతల ఆటో కాడ గంగప్ప దబ్బున పడినాడు. షుగరు మాత్ర మింగి, సంగటి తినకుండా బయల్దేరిన ఘనుడు! పడింది కర్ణాటకలో.

"ఈ పక్కకి ఈడ్చండ్రా! నా మనవరాలు ఆడ ముట్టుకోకూడదు!" చిక్కమ్మ కేక పెట్టింది. టీ తాగేవాళ్ళు పోయి నిజంగానే చెరొక కాలూ పట్టుకున్నారు.

వినుత అప్పటికే చక్కెర డబ్బా, చెంబూ లాక్కోని బోర్డు దాటి పరిగెత్తింది. "కాళ్ళొదలండప్పా!" గంగప్పకి ఒళ్ళంతా చెమటలు, వణుకు. పిలిస్తే పలుకుతాండాడు. తల పైకెత్తి చక్కెర నీళ్ళు కొంచెం కొంచెంగా తాపింది. కాసేపటికి లేచి కూర్చోని, "నా చెప్పులేవి?" అన్నాడు.

ఎవడో ఫోన్లో వీడియో తీస్తా, "యా ఆస్పత్రి మేడం మీరు?" అని అడిగినాడు. వినుత తన ఉద్యోగం పోయినట్టే అనుకునింది.

చిక్కమ్మ అడ్డం వచ్చింది. "ఆస్పత్రీ లేదు గీస్పత్రీ లేదు, ఇది నా మనవరాలు. నీళ్ళు తాపేకి గూడా లైసెన్సు కావల్లా? ఫోను మూస్తావా, చెప్పు తియ్యల్లా?" వాడు బండెక్కి పాయ. అప్పుడు మెల్లిగా మనవరాలి చెవిలో, "నిజంగానే కావల్లా ఏమ్మే?" అనె.

"వద్దవ్వా. పడినోన్ని ఎవరైనా లేపొచ్చు."

"అట్లని ముందే చెప్పింటే నేనూ ఇంటికాడే పడిపోయేదాన్ని గదే! ఇన్ని వారాలు నడిపిస్తివి!"

కర్ణాటక రిజిస్ట్రేషన్ వచ్చేటప్పటికి అవ్వ సూదులు అయిపోయినాయి. ఫోన్లో మెసేజ్ చూసి వినుత వెక్కి వెక్కి ఏడ్చింది. చిక్కమ్మ రవిక చెయ్యి పైకి తోసి ఎదురుగా కూర్చునింది.

"ఎయ్యి. ఈ గడ్డ మీద నీ బోణీ నాదే కావల్ల."

వినుత కండ్లు తుడుచుకునింది. "డాక్టరు రాయనిదే వెయ్యకూడదవ్వా."

చిక్కమ్మకి కోపమూ కండ్లనీళ్ళూ ఒకటే తూరి వచ్చినాయి.

"నీకు లైసెన్సు ఇచ్చినోళ్ళు ఎవరో గానీ, సరైనదానికే ఇచ్చినారు పోవే!"