ఎడ్విన్‌కు పని దొరికిందా?

ఈ ఉదయం ఫోనులో ఒక తెల్లదొర ముసలి ముఖం కనపడింది. ఇంగ్లీషు టీవీ నటుడు, ఎనభై దాటి చనిపోయాడట. ఆ కోల ముక్కు, ఆ పెద్ద చెవులు చూడగానే కొడవలూరులో మా పెంకుటింట్లో నూనెలో వేగే మనుబూల, అదే జంతికల, వాసన నాకు గుప్పున తగిలింది. నవ్వకండి, నిజమే.

మా ఇంటికి కేబులు వచ్చిన కొత్తలో సాయంత్రం నాలుగున్నరకు ఒక ఇంగ్లీషు సీరియల్ వచ్చేది. బడి నుంచి వచ్చీ రాగానే సంచి మూలన పడేసి మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, పక్కన చతికిలబడి, వానాకాలమైతే ఉడకబెట్టిన శెనక్కాయలు, క్రిస్మస్ నెలైతే డబ్బాలో దాచిన మనుబూలు, ఎండాకాలమైతే ఉప్పూకారం అద్దిన మామిడి బద్దలు నములుతూ, ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నాననే ఒకే ఒక్క అర్హతతో ఆ కథంతా ఆమెకు తెలుగులో చెప్పేదాన్ని. సగం అర్థమయ్యేది, మిగతా సగం కల్పించేదాన్ని. సముద్రం పక్క ఊళ్ళో సైకిలు మీద ఉత్తరాలు పంచే పోస్టుమాన్ కథ అది. అతనంటే అవ్వకు ప్రాణం. చివర్లో పేర్లు పడుతుంటే చదివి, అతని అసలు పేరు ఎడ్విన్ అని చెప్పాను. మా క్రైస్తవుల ఇళ్ళల్లో ఎడ్విన్లకు కొదవేముంది? ఆ రోజుతో అతను మా ఇంటి మనిషైపోయాడు.

ఒక వేసవిలో, తుపానుకు పడవ మునిగి పోస్టుమాన్ చచ్చిపోయాడు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

“ఏందే ఆ ఏడుపు?” అని అవ్వ కసిరింది. “సచ్చింది యేషం. పని పోయింది మనిషికి. రేపట్నించి బిడ్డలకేం పెడతాడు?”

బుచ్చిరెడ్డిపాలెంలో తాత పనిచేసే రైసుమిల్లు మూతపడినప్పుడు, నలుగురు పిల్లల్ని పెట్టుకుని ఆమె గంజినీళ్ళతో ఎన్ని నెలలు నెట్టుకొచ్చిందో మా ఇంట్లో అందరికీ తెలుసు. పని పోవడమంటే ఏమిటో ఆమెకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

శుక్రవారం మధ్యాహ్నం చర్చిలో ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన. సెలవులు కదా, నేనూ వెళ్ళాను. చాపల మీద ముసుగులు వేసుకుని కూర్చున్న ఆడవాళ్ళు కొడుకు జ్వరం, కోడలి కానుపు, ఈనబోయే గేదె అంటూ ఒక్కొక్కరే మనవులు చెబుతున్నారు. అవ్వ లేచింది.

“ఎడ్విన్ అని ఒక బిడ్డ. పని పోయింది. మంచి పని దొరకాల.”

అంతే, అందరూ మోకరించి గొంతెత్తారు. మా పక్కింటి మరియమ్మ పెద్దమ్మ అయితే, ఎడ్విన్ గూడూరు వైపు మా చుట్టమనుకుని కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది.

“టీవీలో ఆయనని చెప్పలేదేందవ్వా?” అని బయటికి రాగానే నిలదీశాను.

“యాడుండాడో దేవునికి తెలీదా? వీళ్ళకు చెప్తే నగతారు గానీ ప్రార్థన చేస్తారా!”

ఇక ప్రతి శుక్రవారం మరియమ్మ పెద్దమ్మ, “అత్తా, ఎడ్విన్‌కు పని దొరికిందా?” అని అడిగేది. అవ్వ నా వైపు చూసేది. నేను రోజూ ఛానెళ్ళన్నీ తిప్పేదాన్ని. ఎక్కడా కనపడలేదు. “ఇంకా లేదు మరియమ్మా” అనేటప్పుడు అవ్వ గొంతు తగ్గిపోయేది. రెండేళ్ళకు ఆమె పోయింది. ఆఖరి రోజుల్లో మంచంలో కూడా, “కనపడినాడా?” అని అడిగింది. లేదన్నాను. ఒక్క అబద్ధమాడితే నా సొమ్మేం పోయేదని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఫోనులో అతని బతుకంతా రాశారు. బొగ్గుగని కార్మికుడి కొడుకట. ఆ సీరియల్ నుంచి తీసేశాక కొన్నాళ్ళు ఇళ్ళకు రంగులు వేశాడట. ఆ మరుసటి ఏడాదే రేడియో నాటకాల్లో చేరి, ముసలితనం దాకా అందులోనే పనిచేశాడట. రేడియోలో! నేను టీవీలో వెతికితే ఎలా దొరుకుతాడు?

ఇప్పుడు ప్రార్థన మనవులు ఫోను గ్రూపులోకి వస్తున్నాయి. దణ్ణం బొమ్మ ఒకటి పెట్టి పక్కకు జరిపేస్తున్నాం. ఆ చాపలూ లేవు, ఆ గొంతులూ లేవు. మిగిలింది మరియమ్మ పెద్దమ్మ ఒక్కతే, ఆమెకూ మతి నిలవడం లేదు. అయినా ఉండబట్టలేక సాయంత్రం వెళ్ళి, మంచం పక్కన కూర్చుని, “పెద్దమ్మా, ఎడ్విన్‌కు పని దొరికిందంట” అన్నాను.

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“దొరక్క యాడికి పోతాది! ఎన్ని శుక్రవారాలు మోకాళ్ళేసినాం!” అంటూ బోసినోటితో నవ్వింది. అంతలోనే నన్ను తొందరపెట్టింది. “ఇంకా ఈడ కూచున్నావేందే? పో, ముందు మీ అవ్వకు చెప్పు.”

“చెప్తా పెద్దమ్మా” అన్నాను.