పల్లీల ఇంట్లో ఒక్కపొద్దులు

మా నానమ్మ పోయిందని స్కూల్ ఆఫీసులోకి పిలిచి చెప్పారు. దుకాణం అరుగు మీద కూర్చుని ఎవరినో తిడుతూ తిడుతూనే ఒరిగిపోయిందట. గుండె ఆగిందన్నారు. పల్లీల వల్ల మాత్రం కాదు. ఈ మాట ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, ఆమె బతుకంతా పల్లీలకు దొరక్కుండా తప్పించుకుంటూనే గడిచింది. ఆ సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

మాది ఇస్నాపూర్‌లో కిరాణా దుకాణం. మా పేరు నిలబెట్టింది పల్లీలే. ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగి గదులకు పోయే కార్మికులు వేయించిన పల్లీలు పొట్లం కట్టించుకుని తింటూ నడుస్తారు. మా హాల్లో కుర్చీల కంటే బస్తాలే ఎక్కువ. వంకాయ కూరలో పల్లీలు, చట్నీలో పల్లీలు, సర్వపిండిలో పల్లీలు. అన్నీ నానమ్మే వండేది. అందరికీ కొసరి కొసరి వడ్డించేది. తను మాత్రం ముట్టేది కాదు. అడిగితే పన్ను నొప్పి అనేది, వేడి చేస్తుందనేది. ఏదీ కుదరకపోతే ఒక్కపొద్దు అనేది. సోమవారం శివుడికి, శనివారం వెంకన్నకు, వంకాయ కూర వండిన రోజు ఎవరు ఖాళీగా ఉంటే ఆ దేవుడికి. వాడకట్టులో ఆమెకు మహా భక్తురాలని పేరు. ఎందుకు పస్తుంటోందో ఆ దేవుళ్లకైనా తెలుసో లేదో.

మా వదిన కొత్తగా వచ్చినప్పుడు టమాట పచ్చడిలో పల్లీల పొడి కలిపింది. నానమ్మ తెలియక తిన్నది. నేను గదిలోకి వెళ్లేసరికి పెదవులు ఉబ్బిపోయి, మెడంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక గసపెడుతూ కూర్చుంది. అందరితో కందిరీగ కుట్టిందని చెప్పింది. తలుపులు మూసిన గదిలోకి కందిరీగ ఎట్లా వచ్చిందని ఒక్కరూ అడగలేదు. మా ఇంట్లో అందరూ అంతే.

"నానమ్మా, ఇది అలర్జీ. దవాఖానకు పోదాం పా" అన్నాను.

"అలర్జీ లేదు గిలర్జీ లేదు. నాకు పల్లీలు పడయి, గంతే."

ఆ 'పడయి' అన్న మాటంటే నాకు ఒళ్లు మండేది. నానమ్మకు కూలర్ గాలి పడదు. టీవీలో వార్తలు చదివే అమ్మాయి పడదు. ఎదురింటి ఆంటీ అస్సలు పడదు. ఊపిరి ఆపేదాన్నీ ఎదురింటి ఆంటీనీ ఒకే మాటతో చెప్తే ఎవరికి అర్థమవుతుంది? ఇంట్లో అందరికీ చెప్పాల్సిందేనని నేను గట్టిగా గొడవ పెట్టుకున్నాను. ఆమె నా చెవి పట్టుకుని దగ్గరికి లాగింది.

"పల్లీలమ్మెటోళ్ల ఇంటికి కోడలై వచ్చిన. అప్పుడు చెప్పనీకి భయమైంది, ఇప్పుడు చెప్పనీకి సిగ్గైతది. నువ్వు నోరిప్పితే నీ సంగతి మీ నాయనకు చెప్తా."

నా సంగతేమిటో ఇక్కడ రాయను. మొత్తానికి నా నోరు మూతపడింది.

నిజానికి నా భయాలన్నీ తెలిసిన మనిషి ఆమే. ఉరుములకు భయం, కుక్కలకు భయం, డాడీ గొంతు పెంచితే భయం. అందరూ వెక్కిరించేవాళ్లు. నానమ్మ మాత్రం, "భయమున్నోళ్లు సూసుకుంట నడుస్తరు బిడ్డా. ధైర్యమున్నోడే మోరీల పడతడు" అనేది. సందు చివరి కుక్కల దగ్గర్నుంచి స్కూల్ బస్సు దాకా నా వెనకే వచ్చేది. అడిగితే, తను పాల ప్యాకెట్ కోసం వచ్చానని అబద్ధం. పాల ప్యాకెట్లు మా దుకాణంలోనే అమ్ముతాం.

తర్వాత మా అన్నకు పాప పుట్టింది. పుట్టిన కొన్నాళ్లకే చెంపలు, మోచేతులు ఎర్రగా పగిలిపోయి ఒకటే గోక్కునేది. పల్లిపట్టీ పట్టుకుని ఎవరు పాప దగ్గరికి వచ్చినా నానమ్మ లాగేసుకునేది. ఎందుకని అడిగితే వేడి చేస్తుందనేది. ముసలామె చాదస్తమని వదిన తల పట్టుకునేది. అసలు కారణం చెప్పేస్తే ఆ గొడవే ఉండేది కాదు.

నానమ్మ దినాలు అయిపోయాక డాడీ ఒక రోజు, "ఇగ వద్దనెటోళ్లు లేరు" అన్నాడు. పాపకు ఆరు నెలలు నిండాయి, ఆ సాయంత్రం పల్లీలు నూరి నాకిద్దామన్నాడు. ఆ గొంతులో సంతోషమేమీ లేదు. అదే రోజు చర్మం చూపించడానికి పటాన్‌చెరు దవాఖానకు పోతున్నాం కాబట్టి అక్కడే అడుగుదామంది వదిన. పాపను నేనే ఎత్తుకున్నాను.

చిన్నపిల్లలకు పల్లీలు గింజలుగా పెట్టొద్దు, గొంతులో అడ్డం పడతాయని డాక్టర్ మేడం చెప్పింది. మెత్తగా నూరి పలచగా కలిపి ఈ వయసులో మొదలుపెట్టడమే మంచిదట, ఏళ్ల తరబడి ఆపితే మేలేమీ లేదట. కానీ ఈ పాప చర్మం ఇంతగా పాడైంది కాబట్టి ముందు పరీక్ష చేయాలి, మొదటిసారి తన కళ్లముందే పెట్టాలి అంది. ఇంట్లో ఎవరికైనా పల్లీల అలర్జీ ఉందా అని కూడా అడిగింది.

డాడీ నవ్వాడు. "పల్లీలమ్మెటోళ్ల పిల్లకు పల్లీల పరీక్షనా మేడం? మా ఇంట్ల అసొంటిదేం లేదు. ఇంటికాడనే నాకిస్త."

అని లేచి నిలబడ్డాడు. పోయినామె దాచిపెట్టమన్న మాట ఒకవైపు, డాడీ ఒకవైపు. పాప నా భుజానికి చెంప రుద్దుకుంటోంది.

"నానమ్మకు పడయి" అన్నాను.

"ఏంది పడయి?"

"పల్లీలు. ఒక్కపొద్దులన్నీ అబద్ధం డాడీ. తింటే మూతి వాచి ఊపిరాడకపోయేది. నేను చూసిన."

డాడీ మళ్లీ కూర్చున్నాడు. "మా అమ్మకా?" అన్నాడు. "గంత మంది దేవుళ్లకు..." అని ఆగిపోయాడు.

తాతమ్మకు ఉందని పాపకు రావాలని లేదు, కానీ పరీక్ష మాత్రం మానొద్దని మేడం చెప్పింది. డాడీ ఇంక ఒక్క మాట అడ్డం చెప్పలేదు.

నాకు కోపమంతా నానమ్మ మీదే. పల్లీలు లేకుండా ఒక గిన్నెలో వంకాయ కూర పక్కకు తీయడం ఎంత పని? ఒక్క మాట చెప్పి ఉంటే ఎన్ని పూటలు కడుపునిండా తినేది. చెప్పే పని, ఈ ఇంట్లో అందరికంటే పిరికిదాని నెత్తిన పెట్టి పోయింది.

పరీక్షలో అలర్జీ ఏమీ కనిపించలేదు. అయినా మొదటిసారి తన ముందే పెట్టి చూద్దామని మేడం మళ్లీ రమ్మంది. పల్లీల ముద్దను జావలో పలచగా కలిపి ఇచ్చింది. చెంచా డాడీయే అడిగి తీసుకున్నాడు. పాప పెదవులకు కొసతో అంటించి, ఆగాడు. పాప చప్పరించింది. ఎంతసేపు చూసినా పెదవులు పెదవుల్లాగే ఉన్నాయి. ఇంకొంచెం పెట్టొచ్చని మేడం చెప్పింది. డాడీకి వినిపించినట్టు లేదు. రెప్ప వేయకుండా ఆ చిన్న మూతినే చూస్తున్నాడు. చెంచా గాల్లోనే ఉంది. పాప రెండు చేతులతో ఆయన వేలు పట్టుకుని తన వైపు లాక్కుంటోంది.