భిక్షం గారి ఎడమ చెయ్యి, ఒక చిన్న దేశం

2023 చలికాలం. భద్రాచలంలో గోదావరికి దగ్గర్లో ఉన్న ఒక ఆసుపత్రి డయాలసిస్ విభాగంలో నేను నర్సుగా చేరి అప్పటికి రెండేళ్లు దాటింది. ఆ నెలల్లో పొద్దుటి షిఫ్టుకి వెళ్తే కిటికీ బయట ఏమీ కనిపించేది కాదు. నది మీది పొగమంచు ఒడ్డెక్కి, రోడ్డు దాటి, మా ఆవరణలోని కానుగ చెట్లను కూడా తుడిచేసేది. లోపల మిషన్లన్నీ ఒకే శ్రుతిలో సన్నగా మూలుగుతుండేవి. ఆ గదిలో ఉంటే ఒడ్డు కనిపించని పడవలో వెళ్తున్నట్టు ఉండేది.

పాడైపోయిన మూత్రపిండాల పనిని డయాలసిస్ మిషన్ చేస్తుంది. చేతికి గుచ్చిన ఒక సూదిలోంచి రక్తం బయటికి వచ్చి, డయలైజర్ అనే జల్లెడ లాంటి గొట్టంలో శుభ్రపడి, ఇంకో సూదిలోంచి తిరిగి ఒంట్లోకి వెళ్తుంది. నాలుగు గంటలు, వారానికి మూడుసార్లు. ఆ సమయంలో రోగులు పూర్తిగా నిద్రపోరు, పూర్తిగా మెలకువగానూ ఉండరు. రక్తం అలా బయట తిరిగి వచ్చేలోపు మనసు కూడా ఎక్కడికో వెళ్లివస్తుందేమో. కళ్లు మూసుకునే మాట్లాడేవాళ్లు. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాదు. విని, ఇంటికి వెళ్లాక డైరీలో రాసుకునేదాన్ని.

భిక్షం గారు దమ్మపేట వైపు నుంచి వచ్చేవారు. సైన్యంలో హవల్దారుగా చేసి దిగిపోయిన మనిషి. ములకలపల్లి అడవి దాటి, చీకటితో బయలుదేరి, వాళ్ల అన్న రాఘవులు గారు కారులో తీసుకొచ్చేవారు. రాఘవులు గారివి పెద్ద పామాయిల్ తోటలు. ఆయన వరండాలోకి అడుగుపెడితే వాచ్‌మన్ కూడా లేచి నిలబడేవాడు.

భిక్షం గారి ఎడమ మణికట్టు దగ్గర ఫిస్టులా ఉండేది. అంటే ధమనిని, సిరను కలిపి కుట్టిన చోటు. అలా కలిపితే సిర లావెక్కి తరచూ పడే సూదులకు తట్టుకుంటుంది. దాని మీద వేళ్లు ఆనిస్తే లోపల ఆగకుండా సన్నటి జలజల తెలుస్తుంది. మేము దాన్ని థ్రిల్ అంటాం. థ్రిల్ ఉన్నంత కాలం ఆ చెయ్యి మిషన్‌కి పనికొస్తుంది. డయాలసిస్ అయ్యాక సూదులు తీసి, ఆ చోట గాజుగుడ్డ పెట్టి కాసేపు నొక్కి పట్టుకోవాలి. గట్టిగా నొక్కితే లోపలి ప్రవాహం ఆగి ఫిస్టులా మూసుకుపోవచ్చు. వదులుగా పడితే రక్తం కారుతుంది. ఈ పని చాలామందికి వాళ్ల ఇంటివాళ్లో మేమో చేస్తాం. భిక్షం గారు మాత్రం ఎవరినీ ముట్టనిచ్చేవారు కాదు.

"ఇటియ్యి తమ్మి, నేను పడత," అని రాఘవులు గారు చెయ్యి చాపేవారు.

"వద్దన్నా. నాకు ఇంకో చెయ్యి ఉంది గదా."

ప్రతిసారీ ఇదే మాట. రాఘవులు గారు చాపిన చెయ్యిని వెనక్కి తీసుకుని కారు తాళాలు తిప్పుతూ బయటికి వెళ్లిపోయేవారు.

మిషన్ మీద ఉన్నప్పుడు భిక్షం గారు మంచు గురించి చెప్పేవారు. భూటాన్‌లో, అక్కడి సైనికులకు శిక్షణ ఇచ్చే మన బృందంలో ఆయన కొన్నేళ్లు ఉన్నారట. దేవదారు అడవుల మీద చప్పుడు లేకుండా కురిసే మంచు, గాలికి పటపటలాడే ప్రార్థన జెండాలు, మిరపకాయల్ని కూరగాయల్లా వండుకు తినే మనుషులు. నేను మంచును ఎప్పుడూ చూడలేదు. కిటికీ బయటి తెలుపులోకి చూస్తూ అదే ఇదేమో అనుకునేదాన్ని.

"బిడ్డా, ఆ దేశానికి ఇమానాల దళం లేదు. ట్యాంకులు లేవు. తుపాకులు మనమే ఇస్తం, బూట్లు మనమే ఇస్తం, కాల్చుడు మనమే నేర్పిస్తం. కొండల మీదికి రోడ్లేసింది గూడ మనోళ్లే," అన్నారు ఒకరోజు.

"మరి వాళ్లేం జేస్తరు మిల్ట్రీ అన్నా?" పక్క మంచం మీది సమ్మక్క అడిగింది. చర్ల వైపు అడవి గూడెం ఆమెది. ఆమె ఉన్న రోజు గదిలో ఎవరూ దిగులుగా ఉండలేరు.

"మిగిలిన పైసలతోటి బడులు కట్టుకున్నరు, దవాఖానలు కట్టుకున్నరు. ఆడ దవాఖానకు పోతే పైస అడగరు."

"అట్లనా. పక్కింటి కుక్క మొరుగుతది లెమ్మని ఇంట్ల కుక్కను సాకకుండ పండుకున్నరు."

"ఆ కుక్కను నేనే సమ్మక్కా," అన్నారు భిక్షం గారు. గది అంతా నవ్వింది. నవ్వితే గొట్టాలు కదిలి మిషన్లు కూత పెడతాయి. నేను వెళ్లి ఒక్కొక్కటీ ఆపాల్సి వచ్చింది.

నవ్వు తగ్గాక సమ్మక్క కళ్లు మూసుకుని మళ్లీ అంది. "మా గూడెంల ట్రాక్టర్ లేదు. పక్క ఊరి ఆసామిదే దిక్కు. మాకు కొనే ఖర్చు లేదు, డీజిల్ బాధ లేదు. గని ఆయన చేన్లన్నీ అయినంకనే మా చెలకకు వస్తడు. అప్పటికి నేలల పదును ఆరిపోతది. ఆయన మంచోడే. అయినా వాన మా కోసం ఆగదు గదా."

నేను ఇంటికి వెళ్లి ఆ మాటను డైరీలో ఎక్కించి, భూటాన్ గురించి ఏం రాశారోనని దొరికిన పాత పత్రికలు తిరగేశాను. రక్షణ ఖర్చు మీద రాసే వాళ్లందరూ ఎవరు ఎంత పెడుతున్నారనే రాస్తారు. రెండు పెద్ద దేశాల నడుమ ఉన్న చిన్న దేశం, ఆ ఖర్చును ఒక పొరుగు దేశం భుజాన పెట్టినప్పుడు, దానితో పాటు ఇంకేదో కూడా పెడుతుంది. ఎవరితో ఎంత దూరం మాట్లాడాలి, ఎప్పుడు అడుగు వెయ్యాలి అన్న నిర్ణయంలో ఒక భాగం. పొరుగుదేశం మంచిదే కావచ్చు. పదును మాత్రం పొరుగుదేశం వీలును బట్టి ఆరదు.

జనవరిలో భిక్షం గారి థ్రిల్ తగ్గింది. వేళ్లు పెడితే వాగులా తెలిసేది, ఎండాకాలపు ఊటలా అయింది. ఆయన సిరలు సన్నవి, రెండో చేతిలో ఫిస్టులా నిలుస్తుందన్న నమ్మకం తక్కువ అన్నారు డాక్టరు గారు. మూత్రపిండం మార్పిడి చేయించుకోవడమే మేలన్నారు. ఇద్దామంటే భార్యకు బీపీ ఎక్కువ, పిల్లలు లేరు. రాఘవులు గారు అక్కడికక్కడే, "నాది తీసుకోండి. నాకేం రోగం లేదు, రాయి లెక్క ఉన్న," అన్నారు.

భిక్షం గారు వద్దన్నారు.

ఎందుకని డాక్టరు అడిగితే చెప్పలేదు. తర్వాత సూదులు గుచ్చుతున్నప్పుడు నాతో చెప్పారు. "నేను పట్టాళం నుంచి వచ్చేసరికి మా అన్న నా పొలంల బోరు ఏయించిండు, కరెంటు తెచ్చిండు, పామాయిల్ పెట్టించిండు. అంతా మంచికే. నీళ్లు ఎప్పుడు మళ్లాలో ఆయనే చెప్తడు, గెలలు ఎప్పుడు కొయ్యాలో ఆయనే చెప్తడు. నాకేమో జొన్న పెట్టాలని ఉండె. మా అమ్మ జొన్న పెట్టేది. రెండెకరాల జొన్నతోని ఏమొస్తదిరా అన్నడు. ఇగ నా పెయ్యిల గూడ ఆయన కిడ్నీనే ఉంటే, బిడ్డా, నాదనేది ఏముంటది?"

టేపు అంటించడం అయిపోయింది. అయినా కదలలేక, చాలా రోజులుగా మనసులో ఉన్నది అడిగేశాను. "మీరు శిక్షణ ఇచ్చిన వాళ్లకు గూడ గట్లనే అనిపించేదా బాబాయ్? అంతా మీ దగ్గర్నుంచే తీసుకున్నరు గదా."

ఆయన నన్ను చూశారు. తల కిటికీ వైపు తిప్పుకున్నారు. తప్పు మాట అన్నానేమోనని నేను ఆయన మంచం వైపు అవసరానికి మించి వెళ్లలేదు.

తర్వాతి సారి ఆయన వస్తూనే పిలిచారు. "దోర్జీ అని ఒక జవాను ఉండె. ఒక పొద్దు మంచు గడ్డకట్టి జెండా తాడు కర్రకు అతుక్కపోయింది. వాళ్ల జెండా. వాడు ఒట్టి చేతులతోని తంటాలు పడుతుండు. నాకు మంచి చేతితొడుగులున్నయ్, పోయి తాడు పట్టుకున్న. వాడు మెల్లగ నా చెయ్యి తీసేసిండు. నవ్వుకుంటనే అన్నడు, 'మీ బూట్లు వేసుకుంట ఉస్తాద్, ఈ తాడు మాత్రం నేనే లాగుత' అని. గోళ్లు నీలం ఎక్కినయ్. తనే విప్పిండు."

"మీరేం అనుకున్నరు?"

"సాయం చేస్తమంటే వద్దంటడేందని కోపమొచ్చింది. నువ్వు అడిగినంక రెండు రోజుల సంది వాని చేతులే కండ్లల్ల మెదులుతున్నయ్. బూట్లు వేసుకున్నందుకు వాడు చిన్నబోలే బిడ్డా. తాడు వాని చేతిలనే ఉండె గదా."

ఆ మధ్యాహ్నం రాఘవులు గారు లోపలికి రాగానే భిక్షం గారు, "అన్నా, నీ కిడ్నీ తీసుకుంట. గని నా రెండెకరాలల్ల ఏం పెట్టాలో నేనే చెప్త. నువ్వు మాట్లాడొద్దు," అన్నారు.

రాఘవులు గారి మొహం ఎర్రబడింది. "కిడ్నీ ఇచ్చెటోనికే షరతులు పెడ్తున్నవా?"

"ఇచ్చెటోనికే పెట్టాలె అన్నా. ఇయ్యనోనితోని నాకేం పని?"

సమ్మక్క దుప్పటి మొహం మీదికి లాక్కుని నవ్వుకుంది. రాఘవులు గారు కాసేపు మిషన్‌లో తిరుగుతున్న తమ్ముడి రక్తం వైపు చూశారు. "జొన్న పెట్టుకుంటవో జిల్లేడు పెట్టుకుంటవో నీ ఇష్టం. ముందు బతుకు," అన్నారు.

పరీక్షల కోసం ఇద్దరూ హైదరాబాద్ వెళ్లారు. వాళ్లు తిరిగి వచ్చిన రోజు కూడా పొగమంచే. వరండాలో రాఘవులు గారు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆ పెద్ద మనిషి ఆ తెలుపులో సగం చెరిగిపోయినట్టు ఉన్నారు.

"నాకు షుగరంట సిస్టర్," అన్నారు నన్ను చూసి. "ఎన్నో ఏండ్ల సంది ఉందంట. నా కిడ్నీలే ఆగమైతున్నయంట, ఇంకొకరికి ఇయ్యొద్దన్నరు. నేనెన్నడన్న దవాఖాన మెట్లెక్కితే గదా తెలిసేది." తర్వాత గొంతు తగ్గించి, "వాడు సరే అన్నంక గిట్లయింది," అన్నారు.

లోపల భిక్షం గారు ఏమీ జరగనట్టే చెయ్యి చాచి పడుకున్నారు. థ్రిల్ ఇంకా బలహీనంగానే ఉంది. ఇప్పుడు ఆయనకు ఉన్న ఆధారం ఆ ఊట ఒక్కటే.

డయాలసిస్ అయ్యాక సూది తీసి గాజుగుడ్డ పెట్టాను. అలవాటుగా ఆయన కుడిచెయ్యి లేచి, సగంలో ఆగింది. రాఘవులు గారు తలుపు దగ్గర చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఈసారి ఆయన అడగలేదు.

"అన్నా, ఇట్ల రా," అన్నారు భిక్షం గారు. "ఇది నువ్వు పట్టుకో."

రాఘవులు గారు గబగబా వచ్చి రెండు వేళ్లతో బలంగా నొక్కారు. "అంత గట్టిగ వద్దు బాబాయ్. లోపల పారేది ఆగిపోతది." భయపడి ఆయన వేళ్లు తీసినంత పని చేశారు. గుడ్డ మీద ఎర్రటి చుక్క విచ్చుకుంది. "మరీ వదలొద్దు." నేను ఆయన వేళ్ల మీద నా వేళ్లు ఉంచాను. గెలలు మోసి గట్టిపడిన వేళ్లు అవి. కొంచెం, ఇంకొంచెం సర్దాను. రక్తం ఆగింది. వేళ్ల కింద సన్నటి జలజల మాత్రం ఆగలేదు.

రాఘవులు గారు తల వంచి చెవి పెట్టినట్టు నిలబడిపోయారు. "ఏదో పారుతుంది తమ్మి. వాగు లెక్క."

"అది నాదే అన్నా. నువ్వు అట్లనే పట్టుకో, చాలు."

తర్వాత ఖమ్మంలో ఆ సిరను వెడల్పు చేయించారు. థ్రిల్ మళ్లీ పుంజుకుంది. మార్పిడి కోసం పేరు రాయించుకున్నారు, ఇంకా పిలుపు రాలేదు. రెండెకరాల్లో పామాయిల్ చెట్లు తీయించి జొన్న వేశారు. రాఘవులు గారు దాన్ని చూసి ఏమీ అనలేదట, పిట్టల్ని తోలడానికి మాత్రం రోజూ వెళ్తారట.

దేశాలు అన్నదమ్ములు కావని నాకు తెలుసు. వాటికి షుగర్ పరీక్షలు చేసేవాళ్లు లేరు, తలుపు దగ్గర నిలబడి బాధపడే పెద్దన్నలూ తక్కువే. పత్రికల్లో ఆ చిన్న దేశం పేరు కనిపిస్తే మాత్రం అంకెల దగ్గర ఆగడం లేదు. ఆ తాడు ఇంకా వాళ్ల చేతిలోనే ఉందా, పట్టుకున్న పెద్ద చెయ్యి ఎంత బలంగా నొక్కుతోంది అని చూస్తున్నాను.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది మాటల్లో చెప్పడం నాకు సరిగా రాదు. కొత్తగా వచ్చిన రోగుల ఇంటివాళ్లకు గాజుగుడ్డ పట్టుకోవడం నేర్పేటప్పుడు రక్తం ఆగిందా అని ముందు అడగను. వేళ్ల కింద పారుతున్నది తెలుస్తోందా అని అడుగుతాను. తెలుస్తోంది అని వాళ్లు చెప్పేదాకా నా చెయ్యి తియ్యను.