వినపడే చెవులకు జబ్బు

మిల్లులో చెవులు పోయినవాళ్లను చూసి అయ్యో అన్నవాళ్లున్నారు. నా చెవుల సంగతి ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. నేనే వెళ్లి చెప్పినా వినలేదు. అందుకే రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నంద్యాలలో పత్తి మిల్లులో పనిచేశాను. పత్తి నుంచి గింజ తీసే యంత్రాలు రేకుల షెడ్డులో వరుసగా ఆడేవి. మూడో ఏడు నుంచి బాధ మొదలైంది. మిల్లులో ఉన్నంతసేపూ ఫరవాలేదు. బయటికొచ్చాక ఎవరైనా చెంబు కింద పెట్టినా చెవిలో దబ్బనం దిగినట్టుండేది. పోనుపోను శబ్దం కంటే ముందే భయం వచ్చేది. ఎవరి చేతిలో చెంబున్నా దాన్నే చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఒకరోజు పనిలో దూది ఉండలు చేసి చెవుల్లో పెట్టుకున్నాను. పత్తి దొంగతనంగా పోతుందని సాయంత్రం గేటు దగ్గర అందరినీ తడిమి పంపేవాళ్లు. ఉండలు తీయడం మరిచాను. మేస్త్రీ వాటిని లాగి అందరికీ చూపించాడు.

"మొలలో దోపుకునేటోళ్లను జూసినా గానీ, చెవుల్లో మోసుకపోయేటోన్ని ఇప్పుడే జూస్తాండా. ఇట్లయితే పరుపు ఎప్పటికి నిండుతాదప్పా?"

పద్నాలుగు మంది నవ్వారు. ఆ మొహాలన్నీ నాకు గుర్తే. మరునాటి నుంచి లోపలికి పోయేటప్పుడు కూడా నా చెవులు చూసేవాళ్లు.

ఆ వారమే సెలవుకు ఆళ్లగడ్డ వెళ్లాను. నా భార్య తొలి కాన్పుకు పుట్టింట్లో ఉంది. మూడు నెలల కూతుర్ని నా ఒళ్లో పెట్టి పెరట్లోకి వెళ్లింది. బిడ్డ ఏడ్చింది. ఏం చేస్తున్నానో తెలిసేసరికి నా అరచెయ్యి దాని నోటిమీద ఉంది. ముక్కు కూడా మూసుకుపోయింది. ఏడుపు ఆగింది. నాకు హాయిగా అనిపించింది.

"ఏం చేస్తాండావప్పా?" అంటూ అత్త వచ్చి బిడ్డను లాక్కుంది. కందిన మొహంతో బిడ్డ ఊపిరి తీసుకుంది.

మరునాడే నంద్యాలలో డాక్టరు దగ్గరికి వెళ్లాను. టిక్కు టిక్కు ఎంత దూరం వినిపిస్తుందో చూడ్డానికి ఆయన గడియారం పట్టుకుని గది చివరకు జరిగాడు.

"వినపడతాందా?"

"ఆడ్నుంచి గూడా వినపడతాంది, సారూ."

"పాము చెవులు నీవి. మీ మిల్లోళ్లు వినపడక వస్తాండారు, నీకేం రోగం?"

"బిడ్డ ఏడిస్తే భయమైతాంది."

"బిడ్డలు ఏడవక పాడతారా?"

చెయ్యి సంగతి చెప్పబోయాను. అప్పటికే ఇంకొకణ్ణి పిలిచాడు.

ఆ తర్వాత నా కూతుర్ని ఎత్తుకోలేదు. పాకుతూ నా వైపు వస్తే లేచి వీధిలోకి వెళ్లేవాణ్ణి. మొన్న ఆమె తన బిడ్డను నా ఒళ్లో పెట్టబోయింది. లేచాను.

"నన్నూ ఎత్తుకోలేదంట, దీన్నీ ఎత్తుకోవు. మేమేం జేసినాం, నాయనా?" అంది.

వాళ్లేమీ చేయలేదు. వైద్యం చదివినవాళ్లలో ఒక్కరైనా నాకు ఇప్పుడు జవాబు చెప్పాలి. ఆ పసిదాన్ని ఎత్తుకుంటే నా చెయ్యి మళ్లీ లేస్తుందా, లేవదా?