బోరబండలో ఆగిన డప్పు

బోరబండ స్టేషన్లో లోకల్ రైలు సిగ్నల్ కోసం ఆగి ఉంది. బోనాల రోజు. పట్టాల పక్క బస్తీలో హోరెత్తుతున్న డప్పులు ఉన్నట్టుండి ఆగిపోయాయి.

"ఏదైనా గొడవాండీ?" అన్నాను, అప్పుడే ఎక్కి నా పక్కన కూర్చున్నామెతో. మెడలో హౌస్‌కీపింగ్ కార్డుంది.

"లేదు మేడం. డప్పులోళ్లు మా ఇంటి ముంగట్కి వచ్చిన్రు," అని నవ్వింది.

పనిచేస్తున్న చోట స్లాబు కూలి ఆమె భర్త దాని కింద చిక్కుకున్నాడట. బతికి బయటపడ్డాడు గానీ, పెద్ద చప్పుడైతే చాలు, మంచం కిందకి దూరి వణికేవాడట.

"గాలి సోకిందని తాయెత్తు కట్టిన్రు. దవాఖానల డాక్టరమ్మ చెప్పింది, దయ్యం గాదు, ఆ దినం భయం ఇంక లోపల్నే ఉన్నదని. గదే ఇంటింటికి వోయి చెప్పిన. ముందుగాల నవ్విన్రు. ఇగ ఇప్పుడు మా గల్లీ రాంగనే డప్పులోళ్లే ఆపుతరు. ఆయన గడపల నిలవడి బోనాలకు మొక్కుతడు."

ఇంకేదో అడగబోతే, ఆగమన్నట్టు చెయ్యెత్తింది. ఇద్దరం చెవులు రిక్కించాం. కాసేపటికి కాస్త దూరంలో డప్పులు మళ్లీ మోగాయి.

"దాటిన్రు," అంది, ఊరేగింపంతా తనదే అయినట్టు.

ఇప్పటికీ ఎక్కడైనా డప్పు ఆగితే, గడపలో ఎవరు నిలబడ్డారో అని తొంగి చూస్తాను.